మొదటి చుక్క ఎవరిది

పేపరు ఉద్యోగం మానేశాక నేను చేసిన పని గురించి చెబితే పాత మిత్రులు నవ్వేవాళ్లు. వైద్యానికి పనికొచ్చే కొత్త పరికరాలు తయారుచేసే చిన్న చిన్న కంపెనీలు హైదరాబాదులో పుట్టుకొస్తున్న రోజులవి. కంపెనీ అంటే పెద్దగా ఏమీ ఉండదు. చదువుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో, ఒక గది, ఒక మిషన్. ఆ మిషన్ ప్రభుత్వ ఆసుపత్రి గడప దాటి లోపలికి పోవాలంటే ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టాలో వాళ్లకు తెలియదు. అలాంటివాళ్లకు దారి చూపించే సంస్థ ఒకటి కడప జిల్లాలో మనిషి కోసం వెతికి నన్ను పట్టుకుంది. ప్రొద్దుటూరులో కూర్చుని పాతికేళ్లు వార్తలు రాసినవాణ్ణి. ఏ ఊళ్లో ఏ పార్టీవాళ్లు ఏ హోటల్లో టీ తాగుతారో, ఎవరు ఎక్కిన బస్సు ఎవరు ఎక్కరో నాకు తెలుసు. ఆ తెలివే అందరి కొంపా ముంచింది.

మొదట నా దగ్గరికి పంపిన కంపెనీ మనిషి జమ్మలమడుగు అమ్మాయి. తండ్రి క్రైస్తవ పాఠశాలలో అయ్యవారు. నాకు తెలిసినవాడే. ఆ పరిచయంతో ఆమె నన్ను మామా అనేది. చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒకామెను రక్తపింజర కరిచింది. ఊరి ఆసుపత్రిలో అరగంట, ఇంకో ఆసుపత్రిలో గంట గడిచిపోయి, మూడో ఆసుపత్రికి చేరేసరికి ఆమె పోయిందట. ఆ సంగతి ఈ అమ్మాయి ఒక్కసారే చెప్పింది. తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె, ఆమెతో చదువుకున్న ఇంకొకతను కలిసి చేసిన మిషన్ టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. రక్తపింజర విషం ఒంట్లోకి ఎక్కితే రక్తం గడ్డకట్టదు. కరిచింది ఆ పామో, విషంలేని పామో, విషం ఎక్కిందో లేదో తెలియక చిన్న ఆసుపత్రుల్లో డాక్టర్లు విరుగుడు సూది వేయడానికి భయపడతారు. పెద్ద ఊరికి పొమ్మని చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటారు. ఈ మిషన్‌లో ఒక చిన్న కార్డు పెట్టి, వేలి కొసన పొడిచి, దాని మీద ఒక్క చుక్క రక్తం వేస్తే చాలు. రక్తం గడ్డకడితే మిషన్ ఒకసారి కూసి ఊరుకుంటుంది. కట్టకపోతే ఆగకుండా కూస్తూనే ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. అప్పుడు డాక్టరు భయపడకుండా సూది అక్కడే వేయవచ్చు. ఒకరికి వాడిన కార్డు ఇంకొకరికి వాడరు, పారేస్తారు. ఈ ఒక్క ముక్క ఆ తర్వాత నేను ఎన్ని వందల సార్లు చెప్పానో లెక్కలేదు.

ప్రభుత్వం కొనే సామాన్ల జాబితాలో ఆ మిషన్ పేరు ఎక్కాలంటే రాజధానిలో ఒక కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఒప్పుకోవాలంటే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక వానాకాలమంతా వాడి చూపించాలి. ఆ కేంద్రం కింద ఉన్న అన్ని ఊళ్ల మనుషులకూ వాడాలి. అదే షరతు. ఆ వానాకాలం గడిస్తే కంపెనీ నిలుస్తుంది, మిషన్ జిల్లాలన్నిటికీ పోతుంది. లేకపోతే ఇద్దరూ తట్టాబుట్టా సర్దుకోవాలి. వాళ్ల దగ్గర ఇంకో వానాకాలం ఎదురుచూసే ఓపిక లేదు.

పులివెందుల దాటి లింగాల వైపు పోయే దారిలో ఒక కేంద్రాన్ని నేనే ఎంచాను. ఊరి పేరు రాయను. ఆసుపత్రి ఉన్నది పై ఊరు, వంకకు అవతల ఉన్నది కింది ఊరు అనుకుందాం. రెండు ఊళ్ల చుట్టూ అరటి తోటలు, చీనీ తోటలు, అంటే బత్తాయివి. చెట్ల కింద గడ్డి తీసే ఆడవాళ్లను పాములు కరవని వానాకాలం లేదు. రెండు ఊళ్లూ రెండు పార్టీలు. బాంబుల మోత తగ్గి, పాత కక్షలన్నీ జెండాలు కప్పుకుని మర్యాదగా తిరుగుతున్న కాలం అది. పై ఊరి నాయకుడు ఆసుపత్రికి స్థలం ఇచ్చాడు. గేటు పక్కన ఆయన పేరు చెక్కిన బండ ఇప్పటికీ ఉంది. అందుకని కింది ఊరివాళ్లు జ్వరానికి కూడా ఆ గేటు తొక్కడం తక్కువ. ఎవరూ చూడకుండా వచ్చి, మాత్రలు తీసుకుని పోయేవాళ్లు.

ఆసుపత్రిలో మందులిచ్చే ఆయన మొదటిరోజే చెప్పాడు. “సార్, అన్నను పిలవకుండా మిషన్ పెడితే రేపు ఈడ తలుపు తీసేటోడుండడు. మీకు తెలియంది ఏముండాది?”

నాకు తెలుసు. తెలుసు గనకే పై ఊరి నాయకుణ్ణి పిలిచాను. పత్రికలో పనిచేసిన అలవాటు ఊరికే పోదు. రిబ్బన్ కత్తిరించే ఫోటోలు వేలకొద్దీ చూసిన కళ్లు. ఇంకోటి వేస్తే ఎవరు చూస్తారని, నాయకుడి కుర్చీ పక్కకు పోయి నేనే అన్నాను: “అన్నా, మొదటి పరీక్ష మీతోనే చేయిద్దాం. వేలు ఇట్లివ్వండి.” ఆ అమ్మాయి నా వైపు చూసింది. వద్దనాలని ఆమెకు అనిపించిందేమో తెలియదు. ఊరికి కొత్త, నాకంటే చిన్న. మిషన్‌లో కార్డు పెట్టింది.

నాయకుడు నవ్వుతూ వేలిచ్చాడు. నర్సమ్మ పొడిచింది. చుక్క కార్డు మీద పడింది. కాసేపటికి మిషన్ ఒక్కసారి కూసి ఊరుకుంది.

“సూడండప్పా, అన్న రక్తం సూసి మిషన్ గూడా నోరు మూసుకున్యాది!” అన్నాడు వెనక నిలబడ్డ ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల ఫోటో. నాయకుడి వేలు, ఎర్రటి చుక్క, కింద రెండు వాక్యాలు. కత్తిరించి దాచుకున్నాను కూడా.

పది రోజుల తర్వాత కింది ఊరికి పోయాను. రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. పాము కరిస్తే ఆసుపత్రికి రమ్మని చెప్పడానికి వచ్చానన్నాను.

ఒకాయన బీడీ పక్కన పెట్టాడు. “ఏందప్పా, వాని రక్తం పడిన మిషన్లో మా రక్తం పోయాల్నా?”

“ఆ కార్డు పారేశారు. మీకు కొత్త కార్డు.”

“కార్డు కొత్తదే. మిషన్ వాందే గదా.”

“మిషన్ ఎవరిదీ కాదు మామా, సర్కారుది.”

“సర్కారు యావరిది?” అన్నాడు ఆయన. పక్కనున్నాయన అందుకున్నాడు: “మా నాయన్ను నరికినోళ్ల రక్తమప్పా అది. పాము కరిచి సచ్చినా మేలే. పాముకు పార్టీ ల్యాదు.”

వాళ్ల మాటకు కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. ఈ ప్రాంతంలో రక్తం అంటే ఒక్క ఒంట్లో పారేది కాదని, ఎవరిది ఎవరిమీద పడింది అన్న లెక్క మూడు తరాలు నడుస్తుందని, అందరికంటే ఎక్కువ నేనే రాశాను. పాతికేళ్లు రాసి, ఒక ఫోటో కోసం ఆ సంగతే మరిచాను. హైదరాబాదు నుంచి వచ్చినవాడు చేసి ఉంటే తెలియక చేశాడనుకోవచ్చు. నేను తెలిసి చేశాను.

ఆ సాయంత్రం జమ్మలమడుగులో ఆమె ఇంటికి పోయి ఒప్పుకున్నాను. “ఇప్పుడేం చేద్దాం మామా? వానలు ఇప్పుడే మొదలైనాయి” అని మాత్రం అడిగింది.

కింది ఊరి నాయకుడు పులివెందులలో ఉంటాడు. నాయకులు ఎప్పుడూ పట్నంలోనే ఉంటారు. వాళ్ల తరఫున కొట్టుకునేవాళ్లు ఊళ్లో ఉంటారు. ఇద్దరం పోయాం. మర్యాదస్తుడు. చీనీ రసం ఇప్పించాడు. మిషన్ గురించి ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

“మంచి పని చేస్తాండావు పాపా. మన జిల్లా బిడ్డవు, శానా సంతోషం. మా వాళ్లను నేను పొమ్మంటే పోతారు. అయితే నా రక్తం గూడా పోయాల. అదే మాదిరి. పేపర్లో అదే మాదిరి పడాల.”

“అక్కరలేదు సార్, ఊరికే మీరొక మాట చెబితే చాలు” అంది ఆమె.

“మాట యావరింటారమ్మా? ఫోటో సూస్తారు.”

ఆయన వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు. నేను తొక్కించిన బురదే అది. ఒప్పుకున్నాం. పై ఊరి ఆసుపత్రికి ఆయన రాలేడు కాబట్టి, జిల్లా వైద్య ఆఫీసులో నోటిమాటగా అడిగి, కంపెనీ దగ్గరున్న రెండో మిషన్‌ను పులివెందులలో ఆయన ఇంటికే తీసుకుపోయాం. వేలు పొడిచాం. మిషన్ ఒక్కసారి కూసింది. ఫోటో తీసుకున్నారు. నేను స్వయంగా పేపరు డెస్కుకు ఫోన్ చేసి, మూడు కాలమ్‌లు వేయాలి, ఒక్క ఇంచి కూడా తగ్గకూడదు అని బతిమాలాను.

ప్రొద్దుటూరు బంగారు అంగడి ప్రకటన ఒకటి చివరి నిమిషంలో వచ్చిందట. ఫోటో రెండు కాలమ్‌లకు కుదించారు. నాయకుడి మొహం సగం, వేలు పూర్తిగా పోయాయి.

పొద్దున్నే ఫోన్ వచ్చింది. నాయకుడు కాదు, ఆయన మనిషి. “వానికి మూడు, మా అన్నకు రెండా? స్కేలు పెట్టి కొలిచినాం. ఆటలాడతాండావా?”

ప్రకటన వచ్చిందని చెప్పాను.

“ప్రకటన వాని ఫోటో దినం రాలేదా?” అని ఫోన్ పెట్టేశాడు.

ఆ వారంలోనే ఆయన తరఫున జిల్లా ఆఫీసుకు ఒక అర్జీ పోయింది. ఒక పార్టీవారికే మేలు చేసేలా ఆసుపత్రిలో మిషన్ పెట్టారని, గొడవలు జరిగితే బాధ్యత ఆఫీసుదేనని. గొడవ అన్న మాట కాగితం మీద కనబడితే మన ఆఫీసర్లకు ఇంకేమీ కనబడదు. ‘శాంతిభద్రతల దృష్ట్యా’ మిషన్ వాడకాన్ని తాత్కాలికంగా నిలపాలని ఆసుపత్రికి ఉత్తరువు వచ్చింది. ఒక్కరు వచ్చి ఊళ్లో విచారించలేదు. ఒక్కరు ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడలేదు. పై ఊరివాళ్లకు పాము కరిచినప్పుడు ఆ మిషన్ చెప్పింది చెప్పినట్టు నిజమైందని డాక్టరు రాసిన కాగితాలు అదే ఆఫీసులో అదే బల్ల మీద ఉన్నాయి.

ఆ ఉత్తరువు వచ్చిన నాలుగో రోజు పొద్దున జరిగింది చెప్పాలి. నేను అక్కడ లేను. నర్సమ్మ చెప్పగా విన్నాను. తర్వాత ఆ ఇంటివాళ్లు కూడా అదే చెప్పారు.

కింది ఊరి కూలి మనిషి ఒకామె చీనీ చెట్టు కింద గడ్డి తీస్తుంటే మడమ మీద పాము కరిచింది. భర్త, అత్త ఆమెను మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. పై ఊరి ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి భర్త బండి ఆపలేదు, నెమ్మది చేశాడు. వెనక నుంచి తల్లి వాడి వీపు మీద గుద్దింది.

“ఆపురా! ఈడ ఆపు!”

“అమ్మా, ఈడొద్దని అన్న చెప్పినాడు గదా…”

“రేపు ఇది పోతే మీ అన్న వచ్చి నీ బిడ్డలకు సంగటి కెలుకుతాడా? దిగు!”

దిగారు. పై ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వరండాలో ఉన్నారు. ఒకాయన లేచి బల్ల ఖాళీ చేశాడు. ఇంకొకామె ఆ పిల్లకు తలకింద కొంగు మడిచి పెట్టింది. ఎవరూ పార్టీ మాట ఎత్తలేదు. నర్సమ్మ బీరువా తీసి మిషన్ బయట పెట్టింది.

“అక్కా, అది తీయొద్దు” అన్నాడు డాక్టరు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, కాంట్రాక్టు మీద ఉన్నవాడు. “కాగితం వచ్చింది గదా.”

“సార్, పండ్ల చిగుళ్లల్లో రక్తం వస్తాంది. ఒక్క చుక్క సూద్దాం సార్.”

“రేపు ఏమన్నా అయితే నన్నే అడుగుతారు. సూది వేసి అది వికటిస్తే? ఏ రిపోర్టు చూపించను? పులివెందులకు రాస్తా, తొందరగా పోనీండి.”

అత్త ఆ మిషన్ మీద చెయ్యి పెట్టి అందట: “సామీ, దీనికోసరమే వచ్చినాం. మా వాళ్లందర్నీ కాదని వచ్చినాం. ఇది చెయ్యి సామీ.”

డాక్టరు చీటీ రాసిచ్చాడు. అంబులెన్స్ ఇంకో కేసుకు పోయింది. టమోటాలు వేసుకుపోయే ఆటోలో పడుకోబెట్టుకుని పులివెందులకు, అక్కడా చీటీ రాసిస్తే ప్రొద్దుటూరుకు పోయారు. సూది పడేసరికి మధ్యాహ్నం దాటింది. మనిషి బతికింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతోంది. చీనీ తోటలోకి మళ్లీ పోలేదు.

ఆ డాక్టరు మీద నాకు కోపం లేదంటే అబద్ధం. కానీ అసలు కోపం అతని మీద కాదు. కక్షల ఊళ్లు, మొండి జనం, వీళ్లు మారరు అని మేమందరం పాతికేళ్లు రాశాం, ఆఫీసర్లు పాతికేళ్లు చదివారు. ఆ పొద్దున మారింది జనమే. ఒక కూలి ముసలామె కొడుకు వీపు మీద గుద్ది గేటు దాటింది. పై ఊరి మనిషి లేచి బల్ల ఇచ్చాడు. మారనిది బీరువా తలుపు మీద అంటించిన కాగితం.

వానాకాలం అయిపోయింది. జిల్లా ఆఫీసు నుంచి కమిటీకి రిపోర్టు పోయింది. ‘కేంద్రం పరిధిలోని కొన్ని గ్రామాల ప్రజల నుంచి పరికరానికి ఆదరణ లభించలేదు’ అని రాశారు. కమిటీ ముందుకు ఆమెతో పాటు నేనూ పోయాను. చల్లటి గది, పొడుగాటి బల్ల. కింది ఊరి నుంచి వచ్చిన ఆ ఒక్క కేసునైనా రిపోర్టులో చేర్చమని ఆమె అడిగింది.

“ఆ కేసులో మీ పరికరం వాడలేదు కదమ్మా” అన్నాడు ఒక సభ్యుడు, మెత్తగానే. “వాడని పరికరం ఫలితం ఎలా రాస్తాం?”

“వాడమని వాళ్లు అడిగారు సార్. మీరు వాడొద్దన్నారు. ఆదరణ లేదని రాసింది వాళ్ల గురించే.”

“మేం అనలేదమ్మా. జిల్లావాళ్లు.”

నేను లేచి, మొదటి ఫోటో ఆలోచన నాది, తప్పు నాది, కంపెనీది కాదు అన్నాను. రాసి ఇచ్చాను కూడా. కాగితం తీసుకుని ఫైలులో పెట్టుకున్నారు. దాని గురించి మళ్లీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాడి కాగితానికి కూడా ఆ ఫైలులో పని లేదు.

తిరిగొచ్చాక ఆ కూలి మనిషి సంగతి మొత్తం వార్తగా రాసి డెస్కుకు పంపాను. నేను పని నేర్పినవాడే ఇప్పుడు అక్కడ కూర్చుంటాడు. ఫోన్ చేశాడు.

“సార్, బాగా రాశారు. ఆమెది ఏ పార్టీ?”

“కిడ్నీలు పోయిన మనిషి.”

“అది కాదు సార్. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఎవరికి వ్యతిరేకంగా పోతుందో పైన అడుగుతారు.”

ఫోన్ పెట్టేశాను. వార్త రాలేదు.

కమిటీ ‘ప్రస్తుతానికి సిఫారసు చేయలేం’ అన్న ఉత్తరం పంపింది. ఆ ‘ప్రస్తుతానికి’ అన్న మాటను పట్టుకుని ఆమె భాగస్వామి రెండు నెలలు తిరిగాడు. తర్వాత బెంగళూరులో ఉద్యోగం చూసుకున్నాడు. ఆమె ఒక మందుల కంపెనీలో చేరడానికి ఒప్పుకుంది. చేరే ముందు ఆసుపత్రిలో ఉన్న మిషన్ వెనక్కు తెచ్చుకోవాలి. అనుమతి గడువు దాటిన పరికరం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజు ఉన్నా నేరమని ఉత్తరంలో రాశారు. ఎవరి ప్రాణమూ పట్టనివాళ్లకు ఆ తేదీ మాత్రం బాగా గుర్తుంది.

ఇద్దరం జమ్మలమడుగు నుంచి బస్సులో పోయాం. డాక్టరు సెలవులో ఉన్నాడు. మందులిచ్చే ఆయన రసీదు మీద ‘మంచి స్థితిలో తిరిగి ఇవ్వడమైనది’ అని రాయించుకున్నాడు. నర్సమ్మ మిషన్‌ను ఒక పాత తువాలులో చుట్టి ఉంచింది. దుమ్ము పడకుండా.

“పాపా, మల్లా వానలొస్తాండాయి. దీన్ని ఈడే పెట్టిపో. బీరువాలో బట్టల కింద పెడతా. యావరికీ చెప్పను.”

“దొరికితే నీ ఉద్యోగం పోతుందక్కా.”

“పోతే పోనీ.”

“వద్దక్కా.”

ఆమె మిషన్ సంచిలో పెట్టుకుంది. తర్వాత అదే సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. నాకు కూడా చెప్పలేదు. అందులో కొత్త గాజు గొట్టాలు, వేలెడంతవి. మిషన్లు లేని కాలం నుంచీ ఉన్న పరీక్ష అది. గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత వంచితే, రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు. పుస్తకాల్లో ఉంది. ప్రతి డాక్టరూ చదువుకుంటాడు. కానీ గొట్టాలు కొత్తవి ఉండవు. ఉన్నవాటిని సబ్బు పొడితో కడిగి కడిగి వాడతారు, ఆ సబ్బు వల్ల పరీక్ష తప్పు చెబుతుంది. అందుకే నమ్మడం మానేశారు. అందుకే ఆమె మిషన్ చేసింది.

నర్సమ్మ దగ్గర కూర్చుని ఒక్కో ముక్కా చెప్పింది. కడగొద్దు. ఒకసారి వాడి పారెయ్. గడియారం చూడు. ఇరవై నిమిషాలకు ముందు ముట్టుకోవద్దు. నర్సమ్మ నోటుబుక్కులో రాసుకుంది. ఇద్దరూ ఒక గొట్టంలో నీళ్లు పోసి వంచి చూశారు.

ఇన్నేళ్లు చదివి, ఇన్ని రోజులు నిద్ర మాని, కొత్త మిషన్ ఒకటి చేసి, చివరికి ఆ ఆసుపత్రికి ఆమె ఇవ్వగలిగింది ఒక పెట్టె గాజు గొట్టాలు. ఎప్పుడో ప్రభుత్వమే పంపవలసినవి.

నర్సమ్మ పెట్టె మూత పెట్టి, గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“వీటికైతే యావరి కాగితమూ అక్కర్లేదు గదా పాపా?”

“అక్కర్లేదక్కా.”

“ఫోటో గూడా?”

“అది కూడా వద్దు” అంది ఆమె. నా వైపు చూడలేదు.